దెబ్బ తిన్న హెల్మెట్

“ఇది పనికిరాదు,” అన్నాడు స్కేటింగ్ కోచ్, హెల్మెట్ తిరగేసి చూస్తూ.

తెల్లారినప్పటి నుంచి మోకాళ్ళ మీద కూర్చుని పిల్లల గడ్డాల కింద పట్టీలు బిగిస్తూనే ఉన్నాడు. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి, మూడోది పట్టకూడదు. హెల్మెట్ నుదుటిని కప్పాలి, వెనక్కి జారకూడదు. చెప్పిందే చెప్పి గొంతు బొంగురుపోయింది. నడుము ఎప్పుడో మొరాయించింది.

మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. ఇక జరగాల్సింది ఆఖరి పందెం. ఇందులో ముందొచ్చిన ఇద్దరినీ పెద్ద పోటీలకు తీసుకెళ్తారు. ఎంపిక చేసేవాళ్ళు బల్ల దగ్గర కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. ఆ పిల్ల ఇన్నాళ్ళూ చీకటితో లేచి చెమటోడ్చింది ఈ పందెం కోసమే.

“పనికిరాకపోవడమేంటండీ? అద్దంలా మెరుస్తుంటేనూ!” నేల మీది సున్నపు గీత అవతలి నుంచి పిల్ల తల్లి అరిచింది.

“పైన కాదు, లోపల చూడాలి.” కోచ్ లోపలి థర్మోకోల్‌ను బొటనవేలితో నొక్కాడు. వెంట్రుకంత చీలిక నోరు తెరిచింది. “ఎక్కడ పడ్డావు?”

పిల్ల తల వంచుకుంది. “నిన్న సందు మలుపులో, సార్. గోడకు కొట్టుకున్నాను. తలకేం కాలేదు. అమ్మ చెప్పొద్దంది.”

“చెబితే ఏం చేస్తారో తెలుసు కాబట్టే వద్దన్నాను,” అంటూ తల్లి గీత దాటి వచ్చేసింది.

“పెద్దవాళ్ళు గీత అవతలే ఉండాలండీ.”

“ఆ అండీలకేం తక్కువ లేదు! కన్ను మూసి తెరిచేలోగా అయిపోయే పందెం. ఆ కాసేపట్లో ఏం కొంపలు మునుగుతాయి?”

“హెల్మెట్ కాసేది ఒక్క దెబ్బే. ఆ దెబ్బ నిన్ననే అయిపోయింది. ఇప్పుడిది ఉత్త టోపీ.”

“అయితే బీరువాలో ఈ స్కేటింగ్ రింకు వాళ్ళ హెల్మెట్లు ఉంటాయిగా, అవి తీయండి.”

“ఈ తలకు పట్టేది ఒక్కటే ఉంది. పొద్దునే ఇచ్చేశాను.” పందేనికి సిద్ధంగా నిలబడ్డ ఇంకో పిల్లను చూపించాడు. ఎదిగే పిల్ల కదా, నాలుగేళ్ళు వస్తుందని ఆ పిల్ల తాత పెద్ద సైజు కొన్నాడు. తల తిప్పినప్పుడల్లా అది గంటలా ఊగుతుంటే కోచ్ తీయించి, రింకుది పెట్టాడు.

“ఎవరి పిల్లకో వెతికి మరీ పెట్టారు. దీనికి మాత్రం లేదు!”

“ముందొచ్చిన తలకు ముందు పెట్టాను.”

కొడుకును కొత్తగా చేర్పించిన ఒకాయన చూస్తూ ఉండలేక కల్పించుకున్నాడు. “పోనీ మావాడిది పెట్టండి సార్, పాపం.”

కోచ్ పెట్టి చూశాడు. అది పిల్ల నెత్తిన గిన్నెలా కూర్చుంది. తీసి ఇచ్చేశాడు.

“అబ్బో, ఈయన్ని ఇంట్లోవాళ్ళు ఎలా భరిస్తున్నారో!” అని గొణిగాడాయన. తల్లి మొహం తిప్పుకుంది.

“ఒక్కసారికి పోనివ్వండి సార్,” అంది పిల్ల. “పడను. ఒట్టు.”

“పడతానని చెప్పి ఎవరూ పడరు,” అన్నాడు కోచ్. ఆ పిల్ల మొహంలోకి మాత్రం చూడలేదు. ఇంకెవరూ పెట్టుకోకుండా హెల్మెట్ పట్టీలు కత్తెరతో కత్తిరించాడు. విజిల్ ఊదాడు.

రింకు హెల్మెట్ పెట్టుకున్న పిల్ల రెండోదిగా వచ్చింది. ఆ పిల్ల తాత ఈలలు వేశాడు. ఈ పిల్ల బెంచీ మీద కూర్చుని స్కేట్ల తాళ్ళు విప్పుకుంది. ముడి ఎంతకీ రాలేదు.

“మీకో దండం,” అని కోచ్‌కు చేతులు జోడించి, తల్లి పిల్లను లాక్కుపోయింది.

అందరూ వెళ్ళాక కోచ్ ప్లాస్టిక్ కోన్లు ఏరాడు. రింకు ఊడ్చాడు. గేటుకు తాళం వేసి, బస్సులో నిలబడే కునికిపాట్లు పడ్డాడు. ఇంటి మెట్లు ఎక్కనని మోకాళ్ళు మొండికేశాయి. ఎలాగో ఎక్కి, మూసిన తలుపు ముందు చాలాసేపు నిలబడి, చివరికి తట్టాడు.

ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో తలుపు తీసిన ఆ పిల్ల, లోపలికి తిరిగి, “అమ్మా, నాన్న వచ్చాడు,” అంది.