గుమ్మం పరీక్ష

గుమ్మం దాకా వచ్చిన దుర్గాప్రసాద్, లోపల కుర్చీలో కూర్చున్న శాంభవిని చూసి కొయ్యబారిపోయాడు.

నిజం గుమ్మం కాదది. భవానీపురంలో వారం వాయిదాల ఫైనాన్షియర్ల సంఘం హాల్లో రెండు బల్లలు అటూ ఇటూ నిలబెట్టి చేసిన ఉత్తుత్తి గుమ్మం. ఇంటికెళ్ళి అప్పులిచ్చి, ఇంటికెళ్ళి వసూలు చేసుకునే సభ్యుల నోటిదురుసు మీద ఫిర్యాదులు ఎక్కువైపోయి, సంఘం ఈ ఏడు కొత్త నియమం పెట్టింది. అప్పు తీసుకున్న మనిషి వేషంలో ఒకరు కూర్చుంటారు. సభ్యుడు గొంతు పెంచకుండా వాయిదా అడగాలి. నోరు జారితే సంఘం సభ్యత్వ కార్డు రద్దు. కార్డు లేనివాణ్ణి నమ్మి బెజవాడలో పెట్టుబడి పెట్టే నాథుడుండడు.

"ఈవిడ వద్దండీ. ఇంకెవరినైనా కూర్చోబెట్టండి," అన్నాడు దుర్గాప్రసాద్.

"ఏం? ఎందుకని?" అన్నాడు కొత్త సెక్రటరీ అనంతకృష్ణ.

దుర్గాప్రసాద్ చుట్టూ చూశాడు. తోటి వ్యాపారులంతా పళ్ళికిలిస్తున్నారు. చొక్కా సర్దుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు.

శాంభవి కాచుకున్నది ఈ రోజు కోసమే. వేషానికి ఆడవాళ్ళు కావాలని సంఘం అడగ్గానే అందరికంటే ముందు పేరిచ్చింది.

చల్లపల్లిలో వాళ్ళమ్మ సంపూర్ణమ్మ, గాలివానకి ఇంటి రేకులు లేచిపోతే ఇతని దగ్గరే అప్పు తీసుకుంది. రెండు వాయిదాలు తప్పాయి, అంతే. ఆ అరుగు మీద ఎన్నిసార్లు కాఫీ తాగాడో మరిచిపోయి, వీధి వీధంతా వినేలా పెద్దావిణ్ణి దులిపేశాడు దుర్మార్గుడు. సంఘానికి ఫిర్యాదు చెయ్యమని శాంభవి మొత్తుకుంది.

"వద్దే, పరువు తక్కువ," అంటూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందే తప్ప ఆవిడ కదల్లేదు.

తల్లి ఓర్చుకుంది. కూతురు ఓర్చుకోదు. ఈ పని చేస్తే తనకీ దెబ్బే. తగిలితే తగలనీ!

"కానివ్వండి," అన్నాడు అనంతకృష్ణ.

"అ... అమ్మా," అనడానికి దుర్గాప్రసాద్‌కి తలప్రాణం తోకకొచ్చింది. "ఈ వారం వాయిదా..."

"లేదు. వచ్చే వారం రండి."

"సరేనమ్మా. ఎంతో కొంత..."

"నాలుగు డబ్బులు చూసేసరికి కళ్ళు నెత్తికెక్కాయా? కట్టుకున్నదాని గొలుసు తాకట్టు పెట్టి మొదలెట్టిన వ్యాపారమేగా మీది!"

ఎవరో కిసుక్కున నవ్వారు. దుర్గాప్రసాద్ మొహం కందగడ్డయింది.

"ఇంతకీ ఆ గొలుసు విడిపించారా?" మెత్తగా అడిగింది.

"నోర్ముయ్!" అతను కొట్టిన దెబ్బకి బల్ల కదిలిపోయింది. "తీసుకునేటప్పుడు చేతులు చాస్తారు, ఇచ్చేటప్పుడు కబుర్లా? మీ ఇంటిల్లిపాదీ ఇంతే! అడుక్కుతినే కొంప!"

చల్లపల్లి వీధిలో అన్న మాటలే, పొల్లుపోకుండా. అందరూ విన్నారు. శాంభవి కడుపుమంట చల్లారింది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు," అంటూ అనంతకృష్ణ చెయ్యి చాచాడు. దుర్గాప్రసాద్ ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. కార్డు ఆ చేతిలో పెట్టి, తల దించుకుని మెట్లు దిగాడు.

వెనకే శాంభవి దిగింది. సాగనంపడానికి వచ్చిన అనంతకృష్ణ, "ఎండ మండిపోతోందండీ, ఆటో పిలిపించమంటారా?" అన్నాడు.

"ఎందుకండీ, మా ఆయన ఉన్నారుగా," అంటూ శాంభవి వెళ్ళి దుర్గాప్రసాద్ బండి వెనక కూర్చుంది.