కంటికి పంక్చరు

"రేపే ఆపరేషన్. ఇంకా సాగదీస్తే కంట్లో చీము పడుతుంది. కన్ను దక్కదు," అంది డాక్టరమ్మ.

పంక్చర్లు వేసే పెద్దాయన కుర్చీ అంచున కూర్చుని మోకాలు ఆడిస్తున్నాడు. పదేళ్ళ కిందట నీటికాసులకు ఆపరేషన్ చేసి, కంట్లో ఒత్తిడి తగ్గడానికి పైపొర కింద నీటికి దారి పెట్టారు. ఇప్పుడా పొర పలచబడి చిల్లి పడింది. రంగు చుక్క వేసి చూస్తే నీరు బయటికి కారుతోంది. పలచబడ్డ చోటు తీసేసి మంచి పొర కప్పి కుడతామంది ఆమె. ఆయనకు వేరే చెప్పక్కర్లేదు. ట్యూబును తొట్లో ముంచి చూడటం, ప్యాచ్ వేయటం నలభై ఏళ్ళుగా చేస్తున్న పనే.

"వచ్చే వారం చూద్దాం," అని లేచాడు.

మెట్లు దిగకముందే భార్య అందుకుంది. గాలి పోయిన బండిని నాలుగడుగులు తొక్కుకొచ్చినా తిట్టిపోసే మనిషికి, తన కంటి దగ్గరికొచ్చేసరికి ఇదేం పోయేకాలమంది.

ఆయన కొట్టుకు ఎదురు వరసలోని దర్జీ ఆయన తమ్ముడే. ఆరేళ్ళుగా మాటల్లేవు. అలాంటివాడు నెల నుంచి రోజూ పొద్దున్నే వచ్చి కొట్టు బల్ల మీద కూర్చుంటున్నాడు. కారే కన్ను చూసి, అన్న తన కోసం ఏడుస్తున్నాడనుకుని వాడి మనసు కరిగిందని పెద్దాయన నమ్మకం. చిల్లి పూడితే వాడు మళ్ళీ రోడ్డు దాటడు.

మర్నాడు ఆయన రెండుసార్లు లేచి తమ్ముడు వస్తున్నాడేమోనని వీధి చూశాడు. చూపు మసకేసి, ప్యాచ్‌ను చిల్లికి బెత్తెడు అవతల అంటించాడు. అప్పుడే వచ్చిన తమ్ముడు ట్యూబు లాక్కుని తొట్లో ముంచాడు. బుడగలు లేచాయి.

"వదిన అంతా చెప్పింది. ఆసుపత్రికి పద."

"వద్దు."

"ఎందుకొద్దు?"

పెద్దాయన చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"నేను ఏడవట్లేదురా. ఇది లీకు. కుట్టేస్తే ఆగిపోతుంది. నువ్వు రావడమూ..."

తమ్ముడు లేచి పంక్చరు కొట్టు షట్టరు దించి తాళం వేశాడు. వచ్చి అన్న చెయ్యి పట్టుకున్నాడు.

"ఏడిస్తే రెండు కళ్ళూ కారతాయన్నయ్యా. నీకు మొదటి రోజు నుంచీ ఎడమదొక్కటే కారుతోంది."