ఊపిరాడని వేరు

తుపాను వెలిసి రెండో రోజు. మిరప చేలో మడమ లోతు నీళ్ళు. అన్ని నీళ్ళలో నిలబడి కూడా మొక్కలు తలలు వాల్చేశాయి.

రామాయమ్మ యూరియా సంచి మూతి విప్పింది.

మాచర్ల వైపు నుంచి వచ్చి ఈ ఏడే కౌలుకు పట్టిన రెండెకరాలు. ఇవి పోతే మళ్ళీ క్వారీలో రాళ్ళు మోయాల్సిందే.

"ఆగమ్మా! చల్లబాక."

గట్టు మీద ఎవరో ముసలాయన. భుజాన పార.

"ఏంది, మందుల కొట్టోళ్ళు పంపారా? ఏం అంటగడదామని?"

ఆయన చేలోకి దిగి ఒక మొక్క పీకాడు.

"ఏమయ్యో! పూతకొచ్చిన చెట్టు పీకుతావేంది?"

వేరు కడిగి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏం వాసన?"

"సారా కంపు!"

"మట్టిలో గాలుండాల్సిన చోటంతా నీళ్ళు చేరాయి. గాలందక వేరులో ఒక్కో కణం తన దగ్గరున్న చక్కెరని పులియబెట్టుకుని బతుకుతోంది. ఊపిరాడని వేరు నీళ్ళెట్టా తాగుద్ది?"

"ఎరువేస్తే తేరుకోదా?"

"ఊపిరాడనోడి నోట్లో ముద్ద కుక్కుతావా?"

గోటితో వేరు గీశాడు. లోపల తెల్లగా ఉంది.

"ఇంకా చావలా. ఇవాళే నీళ్ళు తియ్యాలి. పల్లపు గట్టు తెంపు."

"కింద చేనోళ్ళదీ మిరపే. వాళ్ళ మీదికి నీళ్ళొదిలితే తలకాయలు పగుల్తాయి!"

"ఆ చేనాయన ఏమీ అనడులే."

"నీదేం పోయింది, చెప్పిపోతావు. తన్నులు తినేది నేను."

ఆయన నవ్వి తనే పార ఎత్తాడు. నాలుగు దెబ్బలకి గట్టు తెగింది. నీళ్ళు బుసకొడుతూ కిందికి దూకాయి.

"ఎవరన్నా అడిగితే నీ పేరే చెప్తా!" అరిచింది రామాయమ్మ.

"చెప్పమ్మా" అన్నాడు. పేరు మాత్రం చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

వారానికల్లా మొక్కలు తలలెత్తాయి.

కింద చేను నిలువునా ఎండిపోయింది. ఎప్పుడు తగాదాకొస్తారోనని రామాయమ్మ రోజూ గట్టు వైపు చూసేది. ఎవరూ రాలేదు.

మొదటి కోతకి కూలికొచ్చిన మెహరున్నీసాని అడిగింది.

"ఆ కింద చేను ఎవరిదక్కా?"

"కోటయ్య బాబాయిది. చేను పోయిందని అచ్చంపేట, కూతురి దగ్గరికి పోయాడు. ఇంక రాడంట."

"నా నీళ్ళు మీద పడ్డా ఒక్క మాట అనలేదేందక్కా?"

మెహరున్నీసా కాయ కోస్తూనే చెప్పింది.

"నీ నీళ్ళకి ముందే పోయిందమ్మా ఆ చేను. పల్లం గదా, వేళ్ళన్నీ నల్లబడి కుళ్ళాయి. అది చూసుకునే, పైచేనన్నా బతకనీ అని పార భుజానేసుకుని నీ దగ్గరికొచ్చాడు."