ఏ రకం పరిమితి?

గవర్రాజు తండ్రి పొద్దున్నే పోయాడు. మధ్యాహ్నం దాటినా శవం బండి రాలేదు. ఈ రోజుల్లో పెళ్లయినా చావైనా గుమ్మం పక్కన సర్కారు బిగించిన మాట్లాడే పెట్టె లెక్కలో ప్రాజెక్టే. దానికున్న పరిమితి కాలమో, డబ్బో, వనరులో, ఏ రకమో తేల్చి చెబితేగానీ ఏదీ కదలదు.

"ఏ ఇబ్బందీ లేదు తల్లీ, బండి పంపిస్తే చాలు," అన్నాడు గవర్రాజు పెట్టెతో, మర్యాదగా అడిగితే పని తొందరగా అవుతుందనుకుని.

ఇబ్బంది లేనివాళ్లు ఆగగలరు గనక పెట్టె అతన్ని వరసలో అందరి వెనక్కీ నెట్టేసింది.

"పొద్దుగూకేలోగా తీసెయ్యాలమ్మా!"

"అది ఆచారమండీ. కాల పరిమితి కిందికి రాదు," అంది పెట్టె.

ఎదురింటి పార్వతీశం తన గేటు దాటకుండానే కేకేశాడు. "ఒరే గవర్రాజూ, శవం లేచేదాకా మా ఇళ్లల్లో పొయ్యి వెలగదురా. ఏదో ఒకటి చెప్పి పడెయ్!"

గవర్రాజు తల దించుకున్నాడు. "మోయడానికి నలుగురు లేరు తల్లీ."

"వనరుల పరిమితి. చెల్లుతుంది. కానీ వీధిలో చాలామంది కనిపిస్తున్నారు. మేం మొయ్యమని వాళ్లు చేతులెత్తి ఒప్పుకుంటే బండి వెంటనే బయల్దేరుతుంది."

గుమ్మాల్లో నిలబడ్డవాళ్లంతా ఒక్కసారే చేతులెత్తారు. పార్వతీశం రెండూ ఎత్తాడు.