కందిబేడంత సెన్సార్

“ఆ అగ్గిపెట్టె కెమెరా బొమ్మ నా ఎద్దులకు సరిపోదు పాపా. పక్కన పెట్టు!”

ప్రొద్దుటూరులో అక్రమ్ ఫొటో స్టూడియో అదిరేలా అన్నాడు నాగేంద్ర. చిన్న కెమెరాను పిడికిట్లో పట్టుకుని కూతురు ప్రియదర్శిని మూతి ముడుచుకుంది.

ఆయన గొంతు పెంచాడంటే పెంచడా మరి! జమ్మలమడుగు బండలాగుడు పోటీల్లో మొదటి బహుమతి ఆయన ఎద్దులదే. తనతో మాటల్లేని అన్న ఆదినారాయణ ఎద్దుల జత సగంలోనే చతికిలబడింది. అన్న అప్పుడే ఎద్దులను లారీ ఎక్కించి వెళ్లిపోయాడని అందరూ చెప్పుకున్నారు. ఇక చాపాడులో సరిగ్గా అన్న ఇంటికి ఎదురుగా ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టాలి. తలుపు తీస్తే తన ఎద్దులే కనబడాలి. నాగేంద్రకు ఇప్పుడు లోకంలో అంతకు మించిన పని లేదు.

“ఇది నా మిర్రర్‌లెస్ కెమెరాతో తీసింది, చూడన్నా,” అన్నాడు అక్రమ్.

తెరమీద ఎద్దులు కండలు పొంగి, నురగ కక్కుతూ మీదికి వచ్చేస్తున్నాయి. వెనక జనమంతా మసకలో కలిసిపోయారు.

“అబ్బా! యాడిది అక్రమూ ఇంత అందం?”

“అంతా సెన్సారన్నా. బొమ్మ పడేది దానిమీదనే. నా దాంట్లో తపాలా బిళ్లంత ఉంటాది. పాప దాంట్లో కందిబేడంత.”

“ఇన్నావా పాపా? కందిబేడంత! ఒగ పప్పుబద్దంత!” నాగేంద్ర మీసం దువ్వాడు.

“అయితే ఏంది నాయనా? నా దాంట్లో వెనకోళ్లు గూడా స్పష్టంగా పడినారు.”

“అది నిజమే,” ఒప్పుకున్నాడు అక్రమ్. “సెన్సారు చిన్నదైతే ముందుండేది, వెనకుండేది ఒగే తీరున కనపడతాది. కానీ అంత పెద్ద ఫ్లెక్సీకి సాగదీస్తే రవ్వ చల్లినట్టు చుక్కలు చుక్కలైపోతాది.”

“జనం నా ఎద్దులను చూస్తారా, వెనకోళ్లను చూస్తారా?”

“ఒగసారి చూడు నాయనా. ఒగే ఒగసారి.”

కూతురు అంత బతిమాలితే కాదనలేకపోయాడు. అక్రమ్ ఆ ఫొటో తెరమీద పెట్టగానే పకపకా నవ్వాడు.

“ఏంది పాపా ఇది? నా ఎద్దులు మేకపిల్లల మాదిరి ఉండాయే!”

ప్రియదర్శిని తెర దగ్గరికి జరిగింది. మౌస్ అందుకుని, ఫొటోలో ఒక మూలను పెద్దది చేసింది.

నాగేంద్ర నవ్వు ఆగిపోయింది. తెరకు ముక్కు తగిలేంత దగ్గరికి వంగాడు. ఎంతసేపటికీ లేవలేదు. ఆయన కళ్లు తడవడం చూసి అక్రమ్ కంగారుపడ్డాడు.

“ఏమైందన్నా? తీసేయమంటావా?”

“తీసేసి చూడు, చెప్తా! ఫ్లెక్సీకి ఇదే ఎయ్.” నాగేంద్ర ఛాతీ విరిచి నిలబడ్డాడు. “ఎద్దులు చుక్కలు చుక్కలైనా పర్వాలేదు. ఆడ ట్రాక్టరెక్కి, తుండుగుడ్డ తిప్పుతా, నా ఎద్దులకు ఈలేస్తాండేది మా అన్నరా!”