డైటీషియన్ గారి తొలి విజయం

పాప పెదాలు బిగించేసింది. పాలకూర కలిపిన అన్నం చెంచా గాల్లోనే ఆగిపోయింది.

"నాకొద్దు అత్తయ్యా."

అత్తయ్య చిరునవ్వు చెదరనివ్వలేదు. ఆమె పిల్లల ఆసుపత్రిలో డైటీషియన్. తిండి తినని పిల్లల్ని చంకనేసుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని వచ్చే తల్లులకు ధైర్యం చెప్పి పంపేది ఆమే. అంతటి మనిషికి సొంత ఆడపడుచు కూతురు, ఆరేళ్ళ పిల్ల, ఒక లెక్కా?

పొద్దున పాపను దింపి వెళ్తూ వాళ్ళమ్మ, అంటే ఆమెకు వదిన, గుమ్మంలోనే అనేసింది: ఇది కూరగాయ ముట్టదు, సాయంత్రానికల్లా దీనితో తినిపించావంటే నీ చదువుకో దండం పెడతానని. పక్కనే అత్తయ్య భర్త వంగి బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. కట్టుకున్నవి విప్పి మళ్ళీ కట్టుకున్నాడు గాని తలెత్తలేదు. బూట్లు కట్టుకుంటున్నప్పుడు కూడా ఈయన ఎంత బాగుంటాడో అనుకుందే తప్ప ఆమెకు ఇంకేమీ తోచలేదు. పెళ్ళయి నాలుగు నెలలన్నా కాలేదు మరి.

అందుకే సెలవు పూటంతా వంటింట్లోనే గడిపింది. క్యారెట్లు పువ్వుల్లా, బీట్‌రూట్ చందమామల్లా కోసింది. గిన్నె నిండా కోసిన క్యారెట్ పువ్వులు పొయ్యి మీదికి వెళ్ళేసరికి సగమయ్యాయి. స్టూలు మీద కూర్చున్న పాప బుగ్గలు ఉబ్బించుకుని అమాయకంగా చూస్తోంది. ఎన్ని కోశానో కూడా గుర్తుండటం లేదు, కొత్త కాపురమంటే ఇదే కాబోలని ఆమె తనలో తనే మురిసిపోయింది. ఈమధ్య మెట్లెక్కితే కళ్ళు కూడా తిరుగుతున్నాయి. దాన్నీ ప్రేమ ఖాతాలోనే వేసేసింది.

ఇంత చేస్తే ఈ పిల్ల నోరే తెరవదే! సాయంత్రం వదినకు మొహం ఎలా చూపించడం? ఊళ్ళో పిల్లలందరికీ చెప్తావు, ఇంట్లో పిల్లకి ముద్ద పెట్టలేకపోయావా అంటే?

"ఒక్క ముద్ద. మా బంగారుతల్లివి కదూ."

"నువ్వు తింటే నేనూ తింటా," అంది పాప.

అత్తయ్య చెంచాకేసి చూసింది. రోజూ ఆసుపత్రిలో తను చెప్పే మాటే అది. బతిమాలకండి, భయపెట్టకండి, మీరు తిని చూపించండి, వాళ్ళే తింటారు. చెప్పడం ఆమెకు కొట్టిన పిండి. తినడమే అలవాటు లేదు. అక్కడ ఆ మాట చెబుతున్నంతసేపూ ఆమె మధ్యాహ్న భోజనం, ఒక బిస్కెట్ల పొట్లం, టేబుల్ సొరుగులో ఎదురుచూస్తూ ఉంటుంది. ఇంట్లోనైతే తన వంతు కూర కూడా భర్త పళ్ళెంలోకే వడ్డించేస్తుంది. ఆయన దాన్ని ప్రేమనుకుంటున్నాడని ఆమె గట్టి నమ్మకం.

కళ్ళు మూసుకుని పాలకూర ముద్ద నోట్లో పెట్టుకుంది.

"మింగలేదు, బుగ్గలో దాచావు," అంది పాప. "ఏదీ, ఆ అను."

డైటీషియన్ గారు మింగి, నోరు తెరిచి చూపించారు. పాప మెచ్చుకోలుగా తలూపి, చెంచా అంచున ఒక్క మెతుకు కొరికింది. ఆమెకు ఏనుగెక్కినంత సంబరమైంది. పిల్లలు మెల్లగానే మొదలుపెడతారు, తొందరపెట్టకూడదు అని తనకు తనే సలహా ఇచ్చుకుంది, ఫీజు లేకుండా.

తర్వాత బీట్‌రూట్. మొదటి చందమామను చూడగానే ఆమె మొహం ముడుచుకుపోయింది. అలా మొహం పెడితే చిన్నపిల్లలు జడుసుకుంటారని పాప మందలించింది. మామయ్యకు బీట్‌రూట్ అంటే ప్రాణమట, మామయ్య ఇష్టమైతే ఇదీ ఇష్టమే అయ్యుండాలట. ఆ మాట అన్నాక ఇంక కాదనడానికి ఏముంది? మామయ్య పేరున ఒకటి, అమ్మ పేరున ఒకటి, ఎదురింటి పిల్లి పేరున ఒకటి తినేసింది. ఆ తర్వాతి దాని దగ్గర విచిత్రం జరిగింది. అది ఆమెకు నచ్చింది. భలే రుచిగా ఉంటుందని ఇన్నాళ్ళూ తల్లులకు చెబుతున్నది నిజమేనని తెలిసి డైటీషియన్ గారు నిర్ఘాంతపోయారు.

ఆ హడావుడిలో చెంచా ఎప్పుడు పాప చేతిలోకి వెళ్ళిందో కూడా ఆమె గమనించలేదు. కాసేపటికి పళ్ళెం అద్దంలా మెరిసింది.

పళ్ళెం కడుగుతూ, కూనిరాగం తీస్తూ, సాయంత్రం ఏమనాలో సాధన చేసుకుంది. ఏముంది వదినా, చిన్న కిటుకు అని తేలిగ్గా అనేయాలి. వదిన దండం పెడితే అయ్యయ్యో అంటూ చేతులు పట్టుకుని ఆపాలి. కాకపోతే పెట్టాకే ఆపాలి.

హాల్లో ఫోన్ మోగింది. రోజూ ఈ వేళకు భర్త తిన్నావా అని అడగడం, రెండు బిస్కెట్లు నమిలి ఆమె కడుపునిండా అనడం మామూలే. ఇవాళ మొదటిసారి ఆ మాట నిజంగా అనొచ్చని గుర్తొచ్చి, తడిచేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. అప్పటికే పాప ఫోన్ ఎత్తి, అటు తిరిగి నిలబడి, గుసగుసగా చెబుతోంది.

"మామయ్యా, అత్తయ్య అంతా తినేసింది, పాలకూర కూడా. నాకు ఆకలి దంచేస్తోంది, ఇంక నేను అన్నం తినొచ్చా?"