మొదటి అక్షరం

“ఇందులో మా ఆయన రాసింది ఉండాలి. మీరే తీసిపెట్టాలి మాస్టారూ,” అంటూ టైలరమ్మ చేతిరుమాలు మడత విప్పి, అగ్గిపెట్టెంత కార్డును బల్ల మీద పెట్టింది.

కార్డుల మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకోలేదు. వంగి చూశారు, అంతే.

వాడుకలోంచి ఎప్పుడో పోయిన కంప్యూటర్లకు ఊరు మొత్తానికి ఆయనొక్కరే దిక్కు. హార్డ్ డిస్కు బదులు ఇలాంటి కార్డులు పెట్టుకుని నడిచిన యంత్రాలవి. ఆ కార్డుల్లో ఉన్నదంతా బయటికి లాగడానికి ఆయన సొంతంగా ఒక ప్రోగ్రాం రాశారు. ఏడేళ్లు పట్టిందట. ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు. అంత కష్టపడి ఊరికే ఇవ్వడమేమిటని అడిగినవాళ్లకు ఆయన జవాబు చెప్పరు.

కార్డు ఎక్కడిదని కూడా ఆయన అడగలేదు. ఆమే చెప్పుకొచ్చింది.

ఇరవై రెండేళ్ల కిందట ఫ్యాక్టరీలో బాయిలర్ పేలింది. ఎనిమిది మంది పోయారు. వాళ్లలో బాయిలర్ ఆపరేటరు ఒకడు. ఆమె భర్త. విచారణలో తప్పంతా అతని నెత్తిన రుద్దారు. డ్యూటీలో నిద్రపోయాడన్నారు. ఒత్తిడి పెరుగుతున్నా ఎవరికీ చెప్పలేదన్నారు.

ఆ రాత్రి డ్యూటీ ఎక్కిన కాసేపటికే అతను ఇంటికి ఫోన్ చేశాడు. “వాల్వు సంగతి ఆఫీసు కంప్యూటర్లో రాసి పెట్టాను. రేపు ఎవడూ నన్ననడానికి లేదు,” అన్నాడు.

విచారణాధికారి ఆ కంప్యూటరు తెరిపించి చూస్తే అలాంటిదేమీ లేదు. పోయినవాడు వచ్చి చెప్పుకోలేడు. పెళ్లాం చెబితే ఎవరు వింటారు?

‘ఏడుగురిని పొట్టన పెట్టుకున్నవాడి పెళ్లాం’ అన్న పేరు ఆమెకు స్థిరపడిపోయింది. క్వార్టర్సు ఖాళీ చేయించారు. కుట్టుమిషను మోసుకుని ఊరి ఆ చివరకు వెళ్లింది. మిగతా ఏడుగురి భార్యల్లో ఒక్కరు కూడా ఆమె చేత గుడ్డముక్క కుట్టించుకోలేదు. ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవారు. కూతురు బడి నుంచి వచ్చి, “నాన్న నిజంగానే నిద్రపోయాడా?” అని అడిగింది. ఆ కూతురికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. తండ్రి ఫొటో మాత్రం ఇంట్లో పెట్టుకోదు.

ఫ్యాక్టరీ మూతపడి, సామానంతా తుక్కు కింద అమ్ముతున్నారని తెలిసిన రోజు టైలరమ్మ మిషను ఆపి లేచింది. తుక్కు కొట్టు చుట్టూ నాలుగు నెలలు తిరిగి ఈ కార్డు సంపాదించింది.

“విచారణ అయ్యాక ఆ కంప్యూటర్ని గదిలో పడేసి తాళం వేశారట. ఏమైనా మిగిలుంటుందా మాస్టారూ?”

“వాడకపోతే మిగిలే ఉంటుంది.” ఆయన కుర్చీ లాగి వేశారు. “కూర్చోండమ్మా.”

ఆయన కార్డును రీడరులో పెట్టారు. తెర మీద బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఏం కావాలన్నా టైపు చేసి చెప్పాల్సిందే.

“అసలు కార్డులో ఏదీ మార్చకూడదు. ముందు దానికి ముక్కకు ముక్క నకలు తీస్తాను. ఇమేజ్ అంటాం. ఏం చేసినా దాని మీదే.”

నకలు తయారైంది. ఇంకో కమాండ్ కొట్టారు. ఫైళ్ల పేర్లు బారులు తీరాయి. ఆమె ఒక్కొక్కటే చదివించుకుంది. ఆ రాత్రి తేదీతో ఒక్కటీ లేదు.

టైలరమ్మ కుర్చీలోంచి లేచింది. “అయితే వాళ్లన్నదే నిజమా?”

“ఉండండి. చెరిపేసినంత మాత్రాన ఫైలు పోదమ్మా. పేరులో మొదటి అక్షరం ఒక్కటే పోతుంది. అది లేని ఫైలును కంప్యూటరు పట్టించుకోదు. లోపల రాసింది మాత్రం అలాగే పడుంటుంది.”

“ఆ అక్షరమేంటో దానికి గుర్తుండదా?”

“ఉండదు. ఇక దేవుడికే తెలియాలి. ఏదో ఒకటి పెడితే తెరుచుకుంటుంది లెండి.”

మూడో కమాండ్ కొట్టారు. ఒకే ఒక్క పేరు వచ్చింది. ముందు ప్రశ్న గుర్తు, పక్కన 792. కింద ప్రోగ్రాం అడిగింది: మొదటి అక్షరం?

ఆయన ‘కె’ కొట్టారు.

తెర నిండా అక్షరాలు పరుచుకున్నాయి. టైలరమ్మ కళ్లజోడు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివింది.

‘నాలుగో వాల్వు తెరుచుకోవడం లేదు. ఒత్తిడి ఎర్రగీత దాటింది. బాయిలర్ ఆపుతానంటే ఇంజనీరు ఒప్పుకోలేదు. తెల్లారేదాకా నడపమన్నారు. రెండుసార్లు అడిగాను. నా మాటగా రాసి పెడుతున్నాను.’

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా, “నిద్రపోలేదు,” అంది. “నా మొగుడు నిద్రపోలేదు మాస్టారూ.”

ఆయన తల వంచుకున్నారు.

“కాగితం మీద తీసివ్వండి. ముందు నా కూతురికి చూపించాలి. తర్వాత ఆ ఏడు ఇళ్లకూ వెళ్తాను.” ఆమె చేతులు జోడించింది. “మీరు నా పాలిట దేవుడు.”

“ఆ మాట అనకండమ్మా,” అంటూ ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

ప్రింటరు కాగితాన్ని బయటికి నెట్టింది. టైలరమ్మ దాన్ని అందుకుని, ఈసారి పైనుంచి చదవసాగింది. కళ్లు చెమ్మగిల్లి ఇందాక పై వరసను దాటేసింది. అక్కడ భర్త తన అలవాటు ప్రకారం ఫైలు పేరు వేసుకున్నాడు. ‘కె 792.’

ఆమె వేలు ఆ అక్షరం మీదే ఆగిపోయింది.

“దేవుడికే తెలియాలన్నారు కదా. మరి ‘కె’ అని మీకెలా తెలిసింది?”

మాస్టారు తెర వైపే చూస్తూ అన్నారు.

“అప్పట్లో ఆ ఫ్యాక్టరీ కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. బాయిలర్ పేలిన పొద్దున, విచారణవాళ్లు రాకముందే, దాన్ని చెరిపింది నేనేనమ్మా.”